పడుగు చైనాది, పేక మనది

మదనపల్లె శివార్లలోని నీరుగట్టువారిపల్లెలో టమాటా మార్కెట్టూ, పట్టుచీరలు నేసే మగ్గాల వీధులూ చేరువలోనే ఉన్నాయి. ఆ మగ్గాల మీద చాలాచోట్ల పడుగు చైనా నుంచి వచ్చిన పట్టు. పేక మాత్రం పుంగనూరు, పలమనేరు, కుప్పం, కర్ణాటక పల్లెల్లో కట్టిన గూళ్ల నుంచి తీసినది. కేంద్ర బడ్జెట్‌లో ముడిపట్టు మీద దిగుమతి సుంకం తగ్గితే నేతగాడికి ఊపిరాడుతుంది, మల్బరీ రైతు గుండె జారుతుంది. పెరిగితే సరిగ్గా తారుమారు. ఇద్దరూ ఒకే తాలూకావాళ్లు, ఒకే సంతలో బియ్యం కొనుక్కునేవాళ్లు.

ఒక దేశం ప్రపంచ మార్కెట్టులో ఏ మెట్టు మీద నిలవాలో నిర్ణయించేది నేల, నీరు, శ్రమేనా, లేక ఆ దేశపు రాజకీయాలూ ఆర్థిక విధానాలూనా? ఈ వాదన మన దగ్గర కనీసం వందేళ్లుగా సాగుతోంది. అందులో పడిన చిక్కుముళ్లు విప్పి చూడటానికి పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాలు మంచి చోటు. పట్టు, టమాటా, పాలు, మామిడి గుజ్జు ఇక్కడి ప్రధాన సరుకులు. ఒక్కోదాని విషయంలో ప్రభుత్వాలు ఒక్కో దారి తొక్కాయి. కాబట్టి ఫలితాలను పక్కపక్కన పెట్టి చూసే వీలుంది. వీటన్నిటిలో పట్టు కథ లోతైనది. ఎక్కువ చోటు దానికే ఇవ్వాలి.

గుడ్డు నుంచి చీర దాకా

పట్టు వాదన ఇంతగా చిక్కుపడటానికి మొదటి కారణం, పట్టును తయారుచేసే మనిషి ఒక్కడు కాకపోవడం. గుడ్లు తయారుచేసేవారు వేరు. వాటిని పొదిగించి, రెండో జ్వరం (పొర విడిచే దశ) దాటేదాకా లేత పురుగులను సాకి అమ్మే చాకీ కేంద్రాలు వేరు. మల్బరీ పెంచి, షెడ్డులో పురుగులకు ఆకు మేపి, గూళ్లు కట్టించేది రైతు. ఆ గూళ్లను వేలంలో కొని, ఉడికించి దారం తీసేది రీలరు. పురి పెట్టేవారు, రంగు అద్దేవారు, నేసేవారు, చీర అమ్మే షావుకారు ఆ తర్వాతి వరుస. ఒకరి అమ్మకపు ధర ఇంకొకరికి కొనుగోలు ధర. సుంకాన్ని ఏ మెట్టు దగ్గర పెట్టినా దానికి ఇవతలున్న వాళ్లకు మేలు, అవతలున్న వాళ్లకు భారం.

రెండో కారణం నాణ్యత. దక్షిణాదిన ఎక్కువగా పెంచేది ఏడాదిలో చాలాసార్లు పంటనిచ్చే స్థానిక జాతికి, రెండుసార్లు పంటనిచ్చే బైవోల్టిన్ జాతికి పుట్టిన మిశ్రమ రకం. అది వేడిని తట్టుకుంటుంది, రోగాలను తట్టుకుంటుంది, కొత్త రైతు చేతిలోనూ బతుకుతుంది. అయితే దారం పొట్టి, మందం ఒకేలా ఉండదు. ఇలాంటి గూళ్లు ఏడెనిమిది కిలోలు పెడితే కిలో దారం వస్తుంది. ఈ లెక్కనే రీలర్లు రెండిట్టా అంటారు. మేలైన బైవోల్టిన్ గూళ్లలో రెండిట్టా ఆరు కిలోల చుట్టూ ఉంటుంది, దారం సాఫీగా సాగుతుంది. పడుగుకు బిగువు తట్టుకునే దారం కావాలి, మరమగ్గం మీదైతే మరీను. తెగిన ప్రతి పోగుకూ మగ్గం ఆగుతుంది. అందుకే నేతగాడు పడుగుకు చైనా పట్టు వైపు చూస్తాడు. ఆ చూపును దేశభక్తి లేకపోవడంగా చిత్రించిన రాతలు చాలా వచ్చాయి. రోజుకు ఎన్ని గజాలు దిగుతాయన్నదాని మీద కూలి ఆధారపడ్డ మనిషి వేరేలా ఎలా ఆలోచిస్తాడు?

వందేళ్లలో ఎన్ని మలుపులో

మైసూరు రాజ్యంలో పట్టు పెంపకానికి ఊతమిచ్చింది టిప్పు సుల్తాను. ఆ ప్రాంతాన్ని ఆనుకుని ఉండటం, ఎత్తు మీది చల్లదనం పడమటి మండలాలకు కలిసొచ్చాయి. ఇప్పటికీ ఇక్కడి రైతులు చాలామంది గూళ్లను కర్ణాటకలోని శిడ్లఘట్ట, రామనగర మార్కెట్లకే తోలుతారు.

రక్షణ విధానం కథ 1921-22 నాటి ఇండియన్ ఫిస్కల్ కమిషన్‌తో మొదలవుతుంది. ఏ పరిశ్రమకైనా సుంకపు రక్షణ ఇవ్వాలంటే ఆ కమిషన్ మూడు షరతులు పెట్టింది. ఆ పరిశ్రమకు సహజమైన అనుకూలతలు ఉండాలి. రక్షణ లేకుండా ఎదగలేని స్థితిలో ఉండాలి. చివరికి రక్షణ తీసేసినా ప్రపంచ పోటీని తట్టుకుని నిలబడగలగాలి. ఈ మూడో షరతును పాఠకులు గుర్తుంచుకోవాలి. పట్టు వాదనంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

1929 మాంద్యంలో అమెరికా పట్టు కొనుగోళ్లు పడిపోయాయి. 1931 చివర జపాన్ బంగారు ప్రమాణాన్ని వదిలేయడంతో యెన్ విలువ తగ్గి, చౌక జపాన్ పట్టు మన రేవుల్లో దిగింది. టారిఫ్ బోర్డు విచారణ తర్వాత 1934లో పట్టుకు రక్షణ సుంకం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పారాచూట్ల కోసం పట్టుకు గిరాకీ పెరిగింది, యుద్ధం అయ్యాక కూలింది. 1948 చట్టంతో కేంద్ర పట్టు మండలి ఏర్పడింది. తర్వాతి నలభై ఏళ్లూ దిగుమతులకు లైసెన్సుల కాపలా. 1989లో ప్రపంచ బ్యాంకు సాయంతో జాతీయ పట్టు పరిశ్రమ పథకం మొదలైంది. ఆంధ్రప్రదేశ్ అందులోని ఐదు ప్రధాన రాష్ట్రాల్లో ఒకటి. 1991 తర్వాత జపాన్ సహకారంతో బైవోల్టిన్ పరిశోధన సాగింది. ఈ కాలంలోనే మైసూరు పరిశోధన సంస్థ నుంచి సిఎస్‌ఆర్ జాతులు, వి-1 మల్బరీ వచ్చాయి. హిందూపురం దగ్గర కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ మన ప్రాంతపు పొడి వేడికి తగిన రకాల మీద పనిచేస్తూ వచ్చింది.

ప్రపంచ వాణిజ్య సంస్థలో అమెరికా వేసిన కేసులో ఓడాక, 2001 ఏప్రిల్ నాటికి భారత్ దిగుమతుల పరిమాణ ఆంక్షలను దాదాపుగా ఎత్తేసింది. చైనా పట్టు వెల్లువెత్తింది. 2003లో, అతి తక్కువ ధరకు సరుకు కుమ్మరించడాన్ని ఆపే యాంటీ డంపింగ్ సుంకం వేశారు. 2011-12 బడ్జెట్‌లో ముడిపట్టు మీద మామూలు సుంకాన్ని 30 శాతం నుంచి ఒక్కసారిగా 5 శాతానికి దించారు. గూళ్ల ధరలు కూలాయి, రైతులు రోడ్డెక్కారు. 2013-14లో 15 శాతానికి పెంచారు. ఆ తర్వాత 10కి దించారు. 2016లో కొన్ని గ్రేడ్ల చైనా పట్టు మీద కిలోకు 1.85 డాలర్ల యాంటీ డంపింగ్ సుంకం వచ్చింది. 2021-22లో మళ్లీ 15 శాతం.

పదేళ్లలో నాలుగుసార్లు దిశ మారింది. మల్బరీ తోట ఒకసారి నాటితే పదేళ్లకు పైగా ఆకునిస్తుంది. షెడ్డు కట్టడానికి తెచ్చిన అప్పు తీరడానికే ఐదారేళ్లు పడుతుంది. తోట వయసు కంటే విధానం వయసు తక్కువైనప్పుడు రైతు ఏ లెక్కతో పెట్టుబడి పెట్టాలి? సుంకం శాతం ఎంతన్న చర్చలో ఈ ప్రశ్న మరుగున పడిపోయింది. అసలు నష్టం ఇక్కడే జరిగిందని గట్టిగా చెప్పాలి.

తలుపులు తెరవాలనేవారి వాదం

మొదటి పక్షం వాదన సూటిగా ఉంటుంది. ఎవరు ఏది చౌకగా, బాగా చేయగలరో వారు అది చేయాలి, మిగతాది కొనుక్కోవాలి. ఆర్థికవేత్తల్లో రికార్డో నుంచి జగదీశ్ భగవతి దాకా ఈ ధోరణికి పెద్ద పరంపర ఉంది. పట్టు విషయంలో దీనికి బలమైన ఆధారం, ముడిసరుకు మీద సుంకం తుది సరుకు మీద శిక్షగా మారడం. ఆస్ట్రేలియా ఆర్థికవేత్త మాక్స్ కార్డెన్ 1960ల్లో దీన్ని లెక్కగట్టే పద్ధతి చూపించాడు. తుది సరుకు మీద ఎంత సుంకం ఉన్నా, దాని ముడిసరుకు మీద అంతకంటే ఎక్కువ సుంకం ఉంటే ఆ పరిశ్రమకు దక్కే అసలు రక్షణ సున్నా కంటే కిందికి పోవచ్చు. 2021-22లో ముడిపట్టు ధర విపరీతంగా పెరిగినప్పుడు ధర్మవరం, మదనపల్లె, కాంచీపురం మగ్గాలు ఈ లెక్కను అనుభవించాయి. దారం కొనలేక మగ్గాలు ఆగాయి, కూలి పోయింది.

నేతలో ఉన్నవారిలో భూమిలేని కుటుంబాలు ఎక్కువ. మల్బరీ రైతుకు కనీసం ఎకరం, బోరు ఉంటాయి. కాబట్టి ముడిపట్టు సుంకం పేదవాడి దగ్గర తీసి, అంతకంటే కాస్త మెరుగైన వాడికి పెట్టడమని ఈ పక్షంవారు అంటారు. తేలిగ్గా తోసేయదగ్గ మాట కాదిది.

దీని బలహీనత మరోచోట ఉంది. చైనా పట్టు ధర అచ్చంగా మార్కెట్టు పెట్టిన ధర కాదు. అక్కడి రాష్ట్రాల రాయితీలు, దశాబ్దాల ప్రభుత్వ పెట్టుబడి, ఎగుమతి విధానం అందులో కలిసి ఉన్నాయి. తలుపులు తెరిచిన ప్రతిసారీ మనం పోటీపడింది ఒక రైతుతో కాదు, ఒక రాజ్యంతో. పైగా 2011లో తగ్గిన సుంకంలో ఎంత భాగం నేతగాడి కూలిలోకి వచ్చిందో, ఎంత మధ్యలో ఆగిందో చూపే లెక్కను ఆ విధానాన్ని సమర్థించినవారు ప్రజల ముందు పెట్టలేదు.

కాపాడాలనేవారి వాదం

రెండో పక్షానికి మూలపురుషుడు జర్మన్ ఆర్థికవేత్త ఫ్రెడరిక్ లిస్ట్. 1841లో వచ్చిన పుస్తకంలో ఆయన, ఎదిగిన దేశాలు తాము ఎక్కిన నిచ్చెనను తర్వాతివారికి అందకుండా తన్నేస్తాయన్నాడు. ఆ మాటనే శీర్షికగా చేసుకుని కొరియా ఆర్థికవేత్త హాజూన్ చాంగ్ 2002లో పుస్తకం రాశాడు. మన దగ్గర మహాదేవ గోవింద రనడే ఈ దారిలో ఆలోచించాడు. పసితనంలో ఉన్న పరిశ్రమకు కొంతకాలం నీడ కావాలి. పట్టు వంటి పనిలో ఆ నీడకు ఇంకో కారణం కూడా ఉంది. ఎకరం మల్బరీ ఏడాది పొడవునా ఇంటిల్లిపాదికీ, ముఖ్యంగా ఆడవాళ్లకు పని కల్పిస్తుంది. వాన నమ్ముకున్న వేరుశనగ చేతులెత్తేసిన ఏడాది కూడా నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి చేతికి డబ్బు తెస్తుంది. కరువు మండలాల్లో ఇది వలసను ఆపే పంట.

ఇక్కడే ఫిస్కల్ కమిషన్ మూడో షరతు అడ్డొస్తుంది. 1934లో పసిబిడ్డ అనుకున్న పరిశ్రమ తొంభై ఏళ్ల తర్వాత కూడా నీడ అడుగుతోంది. రక్షణ పక్షంవారు ఈ ప్రశ్నకు సరిగా జవాబు చెప్పరు. దిగుమతి పట్టు ఖరీదైనంత కాలం నాసి గూడు కూడా అమ్ముడుపోతుంది. అలాంటప్పుడు కష్టమైన బైవోల్టిన్ వైపు రైతు ఎందుకు పోవాలి? రీలరు పాత చరకా వదిలి ఆటోమేటిక్ యంత్రం ఎందుకు కొనాలి? చుట్టూ గోడ కట్టుకుని లోపల ఏమీ మారకపోతే, గోడ ఎత్తు పెంచమని అడగడం తప్ప మిగిలేది ఉండదు.

జపాన్, గ్వాంగ్‌షీ ఏం చేశాయి

మూడో ధోరణి సుంకాన్ని అసలు ప్రశ్నగా చూడదు. కొరియా పారిశ్రామికీకరణ మీద ఆలిస్ ఆమ్‌స్డెన్ 1989లో రాసిన అధ్యయనం ఈ వరుసలో ముఖ్యమైనది. ప్రభుత్వం రాయితీ ఇచ్చినప్పుడు దానికి బదులుగా ఏ ఫలితం కోరింది, అది రాకపోతే రాయితీ ఆపగలిగిందా అన్నదే ఈ పక్షానికి కొలమానం.

పట్టు చరిత్ర ఈ మాటను చాలా బలంగా సమర్థిస్తుంది. యూరప్‌లో పెబ్రిన్ తెగులు పట్టుపురుగులను తుడిచిపెట్టిన కాలంలో జపాన్ ఎగుమతి మొదలుపెట్టింది. 1872లో ప్రభుత్వమే తొమియొకాలో నమూనా రీలింగ్ మిల్లు పెట్టి, అక్కడ పని నేర్చిన ఆడపిల్లలను వారి వారి ప్రాంతాలకు గురువులుగా పంపింది. 1896లో యొకొహామాలో ముడిపట్టు పరీక్షా కేంద్రం వచ్చింది. 1906లో శాస్త్రవేత్త తొయామా కమెతారో సంకరజాతి పురుగు ప్రయోజనాన్ని చూపించాక, 1910ల్లో ఆ గుడ్ల పంపిణీని ప్రభుత్వం చేపట్టింది. ఈ కాలంలోనే జపాన్ ముడిపట్టు ఎగుమతిలో చైనాను దాటింది. చైనా పట్టులో లోపం లేదు. జపాన్ పట్టు మాత్రం ప్రతి కట్టలోనూ ఒకేలా ఉండేది. అమెరికా యంత్రాలకు కావలసింది అదే.

తర్వాత చైనా అదే దారిలో వచ్చి జపాన్‌ను మించింది. తీర ప్రాంతాల్లో కూలి పెరిగాక, 2006 నుంచి తూర్పు మల్బరీని పడమటికి తరలించే పథకంతో పట్టును లోతట్టు రాష్ట్రాలకు మళ్లించింది. ఉష్ణమండలపు అంచున ఉన్న గ్వాంగ్‌షీ ఇప్పుడు చైనా గూళ్లలో పెద్ద వాటా పండిస్తోంది. మన చర్చల్లో ఈ సంగతికి దక్కాల్సిన చోటు దక్కలేదు. బైవోల్టిన్ చల్లని దేశాల పురుగు, మన వేడికి ఆగదు అన్న మాటను గ్వాంగ్‌షీ చాలావరకు కొట్టిపారేసింది. వేడికి తగిన సంకరజాతిని ఎంచుకున్నారు, చాకీ పెంపకాన్ని కేంద్రాలకు అప్పగించారు, రైతు చేతికి గట్టిపడ్డ పురుగునే ఇచ్చారు.

మన దగ్గరా కదలిక ఉంది. 1990 ప్రాంతంలో నామమాత్రంగా ఉన్న బైవోల్టిన్ ఇప్పుడు దేశపు మల్బరీ పట్టులో దాదాపు మూడో వంతు. 2023-24లో అన్ని రకాలూ కలిపి దేశం 38,913 టన్నుల ముడిపట్టు తీసింది. మల్బరీ పట్టులో కర్ణాటక తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. 2021-26 కాలానికి సిల్క్ సమగ్ర పథకం రెండో దశకు కేంద్రం 4,679.86 కోట్ల రూపాయలు కేటాయించింది. రాష్ట్రం బైవోల్టిన్ గూళ్లకు కిలోకు 50 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. అది సకాలంలో అందక బకాయి పడటం రైతుల పాత ఫిర్యాదు. ప్రోత్సాహకం ఆలస్యమైతే రైతు మళ్లీ మిశ్రమ జాతికే పోతాడు, నష్టభయం అందులో తక్కువ కనుక.

ఈ సమీక్షకు అతి ముఖ్యంగా తోచేది ఒక్కటే. సుంకం కొనిపెట్టేది గడువును మాత్రమే. జపాన్, చైనా ఆ గడువును గుడ్డు, రీలింగ్, నాణ్యత కొలత మీద ఖర్చుపెట్టాయి. మనం రైతుకూ నేతగాడికీ మధ్య తగవు తీర్చడంలో గడిపాం. ఇద్దరి మధ్యా ఉన్న రీలరు ఎవరి కంటికీ ఆనలేదు. అతను ఓటు బ్యాంకు కాదు, రోడ్డెక్కడు. గూడు మంచిదైనా చరకా మీద తీస్తే దారం పడుగుకు పనికిరాదు. మంచి యంత్రం పెడితే ఏడాది పొడవునా దానికి సరిపడా బైవోల్టిన్ గూళ్లు దొరకవు. ముడి పడింది అక్కడే.

టమాటా: ధర పెరిగినప్పుడు మాత్రమే గుర్తొచ్చే పంట

పట్టులో విధానం అటూ ఇటూ ఊగితే, టమాటాలో ఎప్పుడూ ఒకవైపే ఒరిగింది. 2023 జూలై చివర మదనపల్లె మార్కెట్టులో మేలు రకం కిలో 200 రూపాయల అంచుకు చేరింది. కేంద్రం తరఫున సహకార సంస్థలు ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్రల్లో కొని ఢిల్లీలో రాయితీ ధరకు అమ్మాయి. ఆగస్టు 10న నేపాల్ నుంచి దిగుమతి చేసుకుంటున్నట్టు ఆర్థికమంత్రి పార్లమెంటులో చెప్పారు. సెప్టెంబరు నాటికి ధర కూలింది. అప్పుడు ఢిల్లీ నుంచి బళ్లు రాలేదు. ధర పెరిగితే గంటల్లో కదిలే యంత్రాంగం, పడితే కదలదు. పట్టణ వినియోగదారు ఓటు బరువు అంతటిది. పేదలకు కూర అందాలన్న ఆశయం సరైనదే. దాని ఖర్చంతా రైతు మీదే వేయడం సరైనది కాదు.

దీనికి మందుగా ప్రతిసారీ వినిపించే మాట గుజ్జు ఫ్యాక్టరీ. 2018-19 బడ్జెట్‌లో 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ వచ్చింది కూడా ఈ ఆలోచనతోనే. అయితే ప్రపంచ టమాటా పేస్టు మార్కెట్టు కాలిఫోర్నియా, ఇటలీ, చైనాలది. అక్కడ పండించేది గట్టి కండ, తక్కువ నీరున్న ప్రత్యేక రకాలు, యంత్రాలతో ఒకేసారి కోసేవి. మదనపల్లె కాయ కూరకు పండించినది. కూరకు ధర ఉన్నప్పుడు ఫ్యాక్టరీకి కాయ రాదు, ధర లేనప్పుడు కుప్పలుగా వస్తుంది. ఫ్యాక్టరీ అలా నడవదు.

పేస్టు లోకంలోనూ రాజకీయాలదే పైచేయి. చైనాలోని షిన్‌జియాంగ్‌లో నిర్బంధ శ్రమ ఆరోపణల మీద 2021 జనవరిలో అమెరికా అక్కడి టమాటా ఉత్పత్తులను నిషేధించింది. ఖాళీ అయిన ఆ చోటును అందుకోవడానికి తగిన రకాలూ, ఒప్పందాలూ మన దగ్గర సిద్ధంగా లేవు.

కుప్పం తోట

1990ల రెండో సగంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సొంత నియోజకవర్గమైన కుప్పంలో ఇజ్రాయెల్ పరిజ్ఞానంతో నమూనా సేద్యం మొదలైంది. చిన్న కమతాలను ఒకచోట చేర్చి, డ్రిప్పుతో నీరూ ఎరువూ కలిపి ఇచ్చి, ఎగుమతికి పనికొచ్చే కూరగాయలు పండించాలన్నది ఆలోచన. 1999 నాటి రాష్ట్ర ప్రభుత్వ విజన్ 2020 పత్రం ఈ దారికి పెద్ద పటం గీసింది. ఖర్చు చిన్నరైతుకు అందదని, భూమి మీద అతని పట్టు పోతుందని విమర్శకులు అన్నారు. 2001లో మెదక్ జిల్లాలో జరిగిన ప్రజాతీర్పులో చిన్న, సన్నకారు రైతుల జ్యూరీ ఆ పత్రాన్ని విచారించి, దాని ప్రధాన దారిని తిరస్కరించింది. 2004లో ప్రభుత్వం మారింది, ప్రయోగం వెనక్కి పోయింది.

మిగిలింది డ్రిప్పు. 2003 నవంబరులో మొదలైన రాష్ట్ర సూక్ష్మ సేద్య పథకం ప్రభుత్వాలు మారినా బతికింది. ఇప్పుడు పడమటి మండలాల మల్బరీ, టమాటా తోటల్లో డ్రిప్పు మామూలు సంగతి. 2004లో అధికారం మారాక కూడా ఆపని విధానం కావడమే దాని విజయ రహస్యం. ఇదే ప్రాంతంలో గెర్కిన్ దోస కూడా వ్యాపించింది. మన ఇళ్లలో ఎవరూ తినని కాయ. ఒప్పంద సేద్యంలో పండి, ఉప్పునీటి పీపాల్లో అమెరికాకు, యూరప్‌కు పోతుంది. ప్రభుత్వం పెద్దగా పట్టించుకోని ఈ పంట నిలబడింది గానీ, ధర నిర్ణయం పూర్తిగా కంపెనీ చేతిలో ఉండిపోయింది.

పుంగనూరు పాడి, చిత్తూరు మామిడి

పాల విషయంలో మన విధానం అరుదైన నిలకడ చూపింది. పాలపొడి మీద సుంకం వేయబోమని భారత్, ప్రపంచ వాణిజ్య సంస్థకు ముందున్న గాట్ ఒప్పందంలో ఎప్పుడో ఒప్పుకుంది. ఆ మాటను 1999-2000లో తిరిగి బేరమాడి, 10,000 టన్నుల దాకా 15 శాతం, ఆపైన 60 శాతం సుంకం వేసే హక్కు సంపాదించుకుంది. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో చైనా, న్యూజీలాండ్ వంటి దేశాలున్న ఆర్‌సెప్ వాణిజ్య ఒప్పందం నుంచి తప్పుకోవడంలో న్యూజీలాండ్ పాల భయం ఒక ముఖ్య కారణం. 2025 జూలైలో బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందంలోనూ పాడిని బయటే ఉంచారు. ఆర్‌సెప్‌కు దూరం కావడం పట్టు రైతుకూ కలిసొచ్చింది. చైనాతో సుంకం తగ్గించే ఒడంబడిక తప్పింది.

పాడిలో దిగుమతి ఆంక్షల గోడ ఉన్నకాలంలోనే ఆపరేషన్ ఫ్లడ్ పథకం లోపలి నిర్మాణాన్ని చేసింది. అయినా ఈ ప్రాంతానికి అది పూర్తి ఊరట ఇవ్వలేదు. సహకార రంగంలోని చిత్తూరు డెయిరీ 2002లో మూతపడింది. 2023లో అమూల్‌తో పునరుద్ధరణకు శంకుస్థాపన జరిగేదాకా బేరం ప్రైవేటు డెయిరీలదే. అధిక దిగుబడి కోసం సాగిన సంకర పశువుల విధానం పుంగనూరు పొట్టి ఆవును దాదాపు కనుమరుగు చేసింది. పలమనేరు పరిశోధన కేంద్రం ఆ జాతిని కాపాడుకుంటూ వస్తోంది. విజయం సాధించిందని చెప్పుకునే విధానానికీ ఇలాంటి ఖర్చులుంటాయి.

మామిడిలో అడ్డుగోడ దేశపు ఎల్లలో కాదు, రాష్ట్రపు ఎల్లలో ప్రత్యక్షమైంది. తోతాపురి గుజ్జు గల్ఫ్ దేశాలకు, యూరప్‌కు పోతుంది. పాత నిల్వలు అమ్ముడుపోని 2025లో ధర పడింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు చొప్పున 12 రూపాయలు ఇవ్వాలని రాష్ట్రం నిర్ణయించింది. ఆ జూన్‌లోనే కర్ణాటక తోతాపురిని చిత్తూరు జిల్లాలోకి రానివ్వకుండా ఆంక్ష పెట్టారు. కర్ణాటక ముఖ్యమంత్రి అభ్యంతరం తెలుపుతూ లేఖ రాశారు. శిడ్లఘట్టలో మన గూళ్లు వేలంలో అమ్ముకునే హక్కు మనకు కావాలి. మరి కోలారు కాయను మన గుజ్జు ఫ్యాక్టరీకి రానివ్వకపోవడం ఏ న్యాయం?

పోల్చి చూస్తే

పాడిలో సుంకం ఎక్కువ, నిలకడ ఎక్కువ, లోపలి నిర్మాణమూ జరిగింది. ఎగుమతిలో పెద్ద పేరు రాకపోయినా దేశీయ మార్కెట్టు మన చేతిలో నిలిచింది. పట్టులో సుంకం ఊగిసలాడింది, నిర్మాణం ఆలస్యంగా, అరకొరగా జరిగింది. టమాటాలో విధానం ఆపత్కాలపు చర్యగా మిగిలిపోయింది. గెర్కిన్‌లో విధానమే లేదు, పంట ఉంది, బేరసారాల శక్తి లేదు. డ్రిప్పు విధానం వల్ల అన్ని పంటలూ లాభపడ్డాయి. దీన్నిబట్టి సుంకం శాతం కంటే ఆ విధానం ఎన్నేళ్లు మారకుండా నిలిచింది, దానితోపాటు ఏం కట్టారన్నవే ఎక్కువ తేడా తెచ్చాయని ఈ సమీక్ష అభిప్రాయం. తలుపు తెరవాలా మూయాలా అన్న రెండు పక్షాల జగడం ఆ మేరకు పక్కదారి పట్టింది.

ఇంకా తేలనివి

ధర తగ్గించి చూపిన బిల్లులతో, పొరుగు దేశాల దారిన దొంగచాటుగా వచ్చే పట్టు ఎంతో సరైన లెక్క తేలందే, ఏ సుంకం ఎంత పనిచేసిందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ఇటీవలి ఏళ్లలో వియత్నాం కూడా మనకు ముడిపట్టు అమ్మే దేశాల్లో చేరింది. ఒక్క చైనా మీద వేసే యాంటీ డంపింగ్ సుంకానికి ఇక ఎంత పదును ఉంటుందన్నది ఆలోచించాల్సిన విషయం.

రెండో చిక్కు చైనాలోనే ఉంది. అక్కడి ముడిపట్టు ఉత్పత్తి గత దశాబ్దంలో బాగా తగ్గింది. కూలి పెరిగి, పల్లెలు ఖాళీ అవుతున్నాయి. ఇది మనకు అవకాశమని కొందరు, పడుగు దొరకని ముప్పని మరికొందరు అంటున్నారు. రెండూ నిజం కావచ్చు. భారత్ ప్రపంచంలో పట్టును అత్యధికంగా వాడే దేశం. పండించినదాంట్లో చాలా భాగం మనమే కట్టుకుంటున్నాం. ఎగుమతి లక్ష్యం పెట్టుకోవాలా, లేక ముందు మన పడుగు మనం తీసుకోగలిగితే చాలా అన్నది తేలకుండా విధానం కుదరదు. 2025 ఆగస్టు 27న అమెరికా చాలా భారత సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చిన తీరు చూశాక, ఒకే పెద్ద కొనుగోలుదారు మీద ఆశ పెట్టుకునే ఎగుమతి ప్రణాళికకు ఎంత గ్యారంటీ ఉందన్న అనుమానం ఇంకా బలపడింది.

మూడోది నీరు. వెయ్యి అడుగుల బోర్ల మీద నడిచే మల్బరీకి ఏ సుంకమూ రక్షణ కాదు. హంద్రీ-నీవా కాలువ నీరు కుప్పం దాకా ఏటా ఎన్ని నెలలు నిలకడగా వస్తుందన్నదాన్ని బట్టే ఇక్కడ బైవోల్టిన్ ఎంత విస్తరిస్తుందో తేలుతుంది.

చివరిది చిన్నగా కనిపించే పెద్ద విషయం. మన గూళ్ల మార్కెట్లలో ధర చాలావరకు రీలరు కంటిచూపు, చేతి స్పర్శ మీదే పలుకుతుంది. నమూనా గూళ్లను పరీక్షించి, దారం ఎంత దిగుతుందో కొలిచి ధర కట్టే పద్ధతి అమలైతే మంచి గూడు పండించిన రైతుకు దాని విలువ దక్కుతుంది, నాసి గూడు దానంతటదే తగ్గుతుంది. దానికి పార్లమెంటు ఆమోదమూ అక్కర్లేదు, ప్రపంచ వాణిజ్య సంస్థ అనుమతీ అక్కర్లేదు. పరీక్ష ఖర్చు ఎవరు భరించాలి, తక్కువ గ్రేడు వచ్చిన లాటును రైతు బండెక్కించి వెనక్కి తీసుకుపోవాలా, పొరుగు రాష్ట్రపు మార్కెట్టు అదే కొలతను ఒప్పుకుంటుందా అన్న మూడు ప్రశ్నల దగ్గర ఆ పని ఆగి ఉంది.